ప్లస్ డిస్కు మీద ముప్పై ఒక్క రాళ్లు

భావనపాడు,
4 ఆగస్టు 2006

అనూకి,

మొన్న నరసన్నపేట బజారులో మీ అన్నయ్య భీమశంకరరావు గారు కనపడ్డారు. నీ కూతురు సింధూరి మూడో తరగతికి వచ్చిందనీ, డాన్సు నేర్చుకుంటోందనీ చెప్పారు. ఇంటర్ చదివే రోజుల్లో హాస్టలు గదిలో నువ్వు తలుపేసుకుని వేసిన గంతులు గుర్తొచ్చి అక్కడే నవ్వేశాను.

నీతో ఒక పని పడింది. చీపురుపల్లిలో నువ్వూ వెంకటేష్ గారూ పెళ్లిళ్లకి వీడియోలు తీస్తారు కదా. చిన్న డిస్కు మీద నేరుగా రికార్డయ్యే కెమెరా మీ కొట్లో ఉందని విన్నాను. దాన్ని ఒక పది రోజులు ఇవ్వగలవా? మా బడిలో పిల్లల కార్యక్రమం ఉంది. డిస్కుల్లో మైనస్ అనీ ప్లస్ అనీ ఇంకేదో అనీ రకాలున్నాయట. టెక్కలిలో కొట్టువాణ్ణి అడిగితే "ఏదైనా ఒకటే మేడమ్" అన్నాడు. ఒకటే అయితే మూడు పేర్లు ఎందుకో వాడికీ తెలీదు. నువ్వే చెప్పు. తప్పు జరిగితే చెరిపి మళ్లీ తీసుకునేలా ఉండాలి.

ఫోను చేద్దామంటే బూత్‌లో నలుగురు నిలబడి వింటూ ఉంటారు. అందుకే ఉత్తరం.

నీ
భారతి


చీపురుపల్లి,
11 ఆగస్టు 2006

భారతీ,

ఎన్నాళ్లకి! నీ ఉత్తరం చదువుతూ ఉంటే కొట్టుకొచ్చిన ఇద్దరు వెనక్కి వెళ్లిపోయారు.

నువ్వడిగింది నేనూ ఈ మధ్యే నేర్చుకున్నాను. విజయనగరం కాలేజీలో కంప్యూటర్లు చెప్పే జగన్నాధం గారు మా కొట్టుకి వస్తుంటారు. ఆయన ఒక డిస్కు చేతిలో పట్టుకుని చెప్పింది విన్న రోజు నాకు అన్నం సయించలేదు, నమ్ము. చెరిపి రాసుకునే డిస్కు లోపల లోహపు పూత ఒకటి ఉంటుందట. వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదట. దాని మీద కాంతి సూదిలా గుచ్చి ఒక్క చుక్కని కరిగిస్తుంది. చప్పున చల్లారితే అక్కడ మసక మచ్చ మిగులుతుంది. అదే చుక్కని మెల్లగా కాచి వదిలితే మళ్లీ మెరుపు. ఈ మచ్చలూ మెరుపులే మన బొమ్మ, మన మాట. ఒక నిమిషం వీడియోలో అలాంటివి కోట్లు. మనం రోజూ సంచిలో పడేసి ఇచ్చే ఈ బిళ్లలో ఇంత జరుగుతోందని ఎవరనుకున్నారు!

ఇక రకాలు. మైనస్ ఆర్‌డబ్ల్యూ చవక, చాలా ప్లేయర్లలో ఆడుతుంది. కానీ రికార్డింగ్ అయ్యాక కెమెరాలోనే 'ముగింపు' చేయాలి, లేకపోతే ప్లేయరు ఖాళీ డిస్కు అంటుంది. మళ్లీ రాయాలంటే ముందు మొత్తం చెరపాలి. ప్లస్ ఆర్‌డబ్ల్యూకి ఆ ముగింపు గోల లేదు. తీసిన వెంటనే ప్లేయర్లో పెట్టి చూసుకోవచ్చు, పాతదాని మీదే కొత్తది రాసేయొచ్చు. ఈ రెండూ వెయ్యిసార్లు చెరిపి రాసుకోవచ్చంటారు. మూడోది ర్యామ్. అది లక్షసార్లు తట్టుకుంటుంది, ఒకపక్క రాస్తూనే ఇంకోపక్క మొదటి నుంచి చూపిస్తుంది. మహా గట్టిది. కానీ ఇళ్లల్లో ఉండే ప్లేయర్లు చాలావరకు దాన్ని ముట్టుకోవు.

బడి కార్యక్రమానికి మైనస్ చాలు. చూసేశాక చెరిపేసి ఇంకేదైనా తీసుకో. మా కెమెరా మూడూ తీసుకుంటుంది. ఏది పంపను?

నీ
అనూరాధ


భావనపాడు,
20 ఆగస్టు 2006

అనూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ కరిగే చుక్కల సంగతి మా అమ్మకి చదివి వినిపించాను. "మరి సల్లారిపోయినాక మాట సెడిపోదేటే?" అని అడిగింది. నాకూ అదే సందేహం. డిస్కులో రాసింది ఎన్నేళ్లు నిలుస్తుంది? పదేళ్లు ఉంటుందా? ఇరవై? ఉప్పుగాలి తగిలితే ఏమవుతుంది? ఒక మనిషి మెల్లగా, బొంగురుగా మాట్లాడితే ఆ మైకుకి అందుతుందా?

పక్కింటి వాళ్లకి ప్లేయరు ఉంది. తీసిన వెంటనే చూసుకోవాలి కాబట్టి ప్లస్ పంపు. ఒక డిస్కులో గంటసేపు పట్టేలా ఉండాలి.

భారతి


చీపురుపల్లి,
26 ఆగస్టు 2006

భారతీ,

కెమెరా, రెండు ప్లస్ డిస్కులు నరసన్నపేటలో మా అన్నయ్య కొట్టుకి పంపాను. తెచ్చుకో. నాణ్యత తగ్గించి పెట్టుకుంటే ఒక్కో డిస్కులో గంట పడుతుంది. మైకు దగ్గరగా పెట్టు, గాలికి అడ్డంగా నిలబడు.

ఇంకో మాట. ఆర్‌డబ్ల్యూ చెరిపి రాసుకోవడానికి పుట్టింది. పదేళ్లు, ఇరవయ్యేళ్లు దాచాలంటే ఒక్కసారే రాసే డిస్కు మంచిది. అందుకని నువ్వు ముందు ప్లస్ మీద తప్పులు దిద్దుకుంటూ తియ్యి. అయ్యాక నాకు పంపితే, చెరగని డిస్కుల మీదకి రెండు కాపీలు చేసి ఇస్తాను.

బడి పిల్లల పాటలు ఇరవయ్యేళ్లు నిలవాలా అని ఎవరూ అడగరు. బొంగురు గొంతు ఎవరిది? నిజం చెప్పవే.

నీ
అనూ


భావనపాడు,
12 సెప్టెంబరు 2006

అనూ,

నీకు అబద్ధం రాసినందుకు క్షమించు. రాస్తే నిజమైపోతుందని భయపడ్డాను.

నాన్నకి గొంతులో కేన్సర్. జూలైలో విశాఖపట్నంలో చూపించాం. ఈ నెల ఇరవై ఐదున ఆపరేషన్. ప్రాణానికి భయం లేదంటున్నారు, కానీ మాటపెట్టె తీసేస్తారు. ఆ తర్వాత మాట ఉండదు.

నాన్న నీకు తెలుసు. హాస్టలుకి ఎండుచేపలు తెచ్చి వార్డెన్‌తో తిట్లు తిన్న మనిషి. ఆయనకి చదువు రాదు. కానీ మా ఊరి ఎదుట సముద్రం అడుగున చేపలు గుంపుగా తిరిగే రాళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఈ తీరంలో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పైకి చూస్తే నీళ్లే. ఒడ్డున ఉన్న రెండు గుర్తులు ఒకదాని వెనక ఒకటి వచ్చేదాకా పడవ నడుపుతాడు, పక్కన ఇంకో రెండు గుర్తులు కలిసిన చోట ఆపుతాడు. కింద రాయి ఉంటుంది. కాగితం మీద ఒక్క గీత లేదు. తమ్ముడు గోవింద్‌కి నేర్పుదామంటే వాడు గుజరాత్ బోట్ల మీద పనిలో ఉన్నాడు, ఆపరేషన్ రోజుకే సెలవు దొరికింది. పైగా ఈ రెండు నెలలూ సముద్రం పోటుమీద ఉంది, నాన్నకి పడవెక్కే ఓపిక లేదు. అందుకే నీ కెమెరా.

ఇసకలో చాప వేసి నాన్నని కూర్చోబెట్టాను. "ఇంత బిళ్లలోన నా మాటలన్నీ పడతాయేటే?" అన్నాడు. నువ్వు రాసింది చెప్పాను. చాలాసేపు డిస్కుని ఎండలో తిప్పి తిప్పి చూశాడు. తర్వాత కెమెరా కేసి చూసి నన్ను మరిచిపోయాడు. గోవింద్ ఎదురుగా ఉన్నట్టే వాడితో మాట్లాడాడు.

"ఒరే గోవిందూ, సూడు. జంటతాళ్ల రాయి సెప్తన్నాను. మహేంద్రగిరి కొండ ముక్కు ఉన్నాది గదా, అది ఉప్పుమళ్ల గోదాం కప్పు మీదికొచ్చిన దాకా తిన్నగా ఎల్లిపో. ఇంకోపక్క తాటితోపు. ఆ తాళ్లు మొన్న తుఫానులో పోనాయి. వాటి సోటుకి సెల్లు టవరు లేచినాది. అదే సూసుకో, నీకు తాళ్లెందుకు."

ఒక్కొక్క రాయికీ లోతు, ఏ నెలలో ఏ చేప, గాలి ఎటుంటే వల చిరుగుతుంది. కళ్లు మూసుకుని చెప్పాడు. ముప్పై ఒక్క రాళ్లు అనూ. ఒక్కచోట తడుముకోలేదు. నేను పుట్టినప్పటి నుంచి ఈ మనిషి పక్కనే అన్నం తిన్నాను. ఆయన తలలో ఇంత సముద్రం ఉందని నాకు తెలియదు.

డిస్కు కెమెరాలోనే ఉంది. రెండోదాని అవసరం రాలేదు, విడిగా పెట్టాను. మీ అన్నయ్య కొట్లో ఇస్తున్నాను. కాపీలు చెయ్యి.

భారతి


చీపురుపల్లి,
3 అక్టోబరు 2006

భారతికి,

బాబాయి గారి ఆపరేషన్ ఎలా జరిగింది? పిన్ని ఎలా ఉన్నారు? కెమెరా చేరింది. మా కాపీలు చేసే డ్రైవ్ పాడైంది. బాగుచేయడానికి ఇచ్చాం. కాస్త ఆలస్యమవుతుంది. ఏమీ అనుకోకు.

అనూరాధ


భావనపాడు,
19 అక్టోబరు 2006

అనూ,

ఆపరేషన్ బాగా జరిగింది. మెడ కింద చిన్న రంధ్రం పెట్టారు, ఊపిరి అక్కడి నుంచే. అందులో ఒక్క చుక్క నీరు పడకూడదట. సముద్రం మీదకి అసలు పోకూడదన్నారు. నాన్న నోరు కదిపితే గాలి తప్ప ఏమీ రావడం లేదు. రాసి చూపించమని నర్సు పలక ఇచ్చింది. ఆయన దాన్ని చూసి నవ్వి నాకిచ్చేశాడు.

అమ్మ ఇప్పుడు రోజూ అడుగుతోంది. "అయ్య మాట ఆ బిళ్లలోన ఉన్నాది గదా, ఎప్పుడొస్తాది?" అంటుంది. గోవింద్ గుజరాత్ పని మానేశాడు. ఇక్కడే వేటకి వెళ్తానని, ముందు ఆ రాళ్ల గురించి వినాలని కూర్చున్నాడు. తొందరేం లేదు. డ్రైవ్ బాగయ్యాకే పంపు.

నీ ఉత్తరం చాలా చిన్నదిగా ఉంది. ఒంట్లో బాగుందా?

భారతి


చీపురుపల్లి,
14 నవంబరు 2006

భారతీ,

డ్రైవ్ పాడవలేదు. అబద్ధం రాశాను.

కెమెరా, నీ ఉత్తరం రెండూ అన్నయ్య కొట్లోనే ఆగిపోయి, ఆపరేషన్ అయ్యాక గానీ మాకు అందలేదు. కెమెరా చేరిన రోజు సింధూరి బడిలో డాన్సు ఉంది. ఆయన బొబ్బిలి పెళ్లికి వెళ్లారు. ఆలస్యమైపోయిందని సంచి లాక్కుని పరిగెత్తాను. నీ డిస్కు లోపలే ఉంటుందని ఉత్తరంలో రాశావు. ఆ ఉత్తరం మర్నాడు నా చేతికొచ్చింది. పిల్ల వేదిక ఎక్కేసింది. బొత్తాం నొక్కితే 'డిస్కు నిండిపోయింది, చెరిపేయమంటారా?' అని తెర మీద వచ్చింది. మా పాత పెళ్లి డిస్కు అనుకుని, చెరిపెయ్యి అని నొక్కేశాను. ఎనిమిది నిమిషాలు తీశాను. నేను మైనస్ చాలన్నా నువ్వు ప్లస్ పంపమన్నావు, మైనస్ అయితే ఇంకాస్త సేపు పట్టేది, ఆలోచించుకునేదాన్నేమో అని నీ మీద కూడా కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. తప్పు నాదే.

నీ ఉత్తరం చదివాక ఇంట్లో ఎవరికీ చెప్పలేకపోయాను. మూడు వారాలకి పైగా ఆ డిస్కుని బీరువాలో పెట్టి రోజూ తీసి చూశాను. ఎండలో ఎంత తిప్పినా ఏం కనపడుతుంది? నువ్వు 'తొందరేం లేదు' అని రాశాక మాత్రం భరించలేకపోయాను. ఆయనకి చెప్పేశాను. ఇద్దరం విజయనగరం వెళ్లి జగన్నాధం గారి ముందు డిస్కు పెట్టాం.

ఆయన ఒక్కటే అడిగారు. "మైనస్సా, ప్లస్సా, ర్యామా?"

"ప్లస్ అండీ" అన్నాను.

"అయితే కూర్చోండమ్మా" అన్నారు.

మైనస్ అయితే, మొదట్లో 'ఖాళీ' అని గుర్తు పడిపోయాక మామూలు డ్రైవ్ లోపలికి తొంగి కూడా చూడదట. ప్లస్ అలా కాదు. చెరిపెయ్యి అని నొక్కినా అది మొదటి పేజీలో పేర్లు మాత్రమే కొట్టేస్తుందట. పైన కొత్తది ఎంత పొడవు రాస్తే అంతే పోతుంది, దాని తర్వాత ఉన్నది కదలకుండా అక్కడే ఉంటుంది. ఆ డిస్కుకున్న ఏ తొందర గుణం నా చేత ఆ పని చేయించిందో, ఆ గుణమే మిగతాదాన్ని కాపాడింది.

మొదటి డ్రైవ్ చదవలేదు. రెండోది రెండు గంటలు గిరగిరా తిరిగి ఆగిపోయింది. మూడోది కాలేజీ ల్యాబ్‌లో ఉన్న పాతది. తెర మీద సింధూరి చేతులు జోడించి నమస్కారం పెట్టింది, ఆ తర్వాత నలుపు. ఆ నలుపులో ఏదో గీతలు కదిలాయి. ఉన్నట్టుండి ఇసక, చాప, బాబాయి. మాట మధ్యలో ఉన్నారు.

"... అటుగాదురా, ఇంకాస్త ఎడంపక్కకి సూడు."

జగన్నాధం గారు కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు. ముప్పై ఏళ్లుగా ఈ యంత్రాలతో ఉన్న మనిషి. "నేను చెప్పానే గానీ, కళ్లతో చూడ్డం ఇదే" అన్నారు. నేనైతే చేత్తో తెర ముట్టుకున్నాను. ఆ పూత మీద ఆ మచ్చలు ఎవరూ పిలవకపోయినా, పేరు కూడా లేకపోయినా అలాగే పడి ఉన్నాయి భారతీ.

కానీ మొత్తం రాలేదు. నాణ్యత ఎక్కువ పెట్టి తీశాను కాబట్టి నా ఎనిమిది నిమిషాలు నీ పదిహేడు నిమిషాలు తిన్నాయి. నలభై మూడు నిమిషాలు మిగిలాయి. లెక్క పెట్టాను. ఇరవై రెండు రాళ్లు ఉన్నాయి, తొమ్మిది పోయాయి. బాబాయికి ఇప్పుడు మాట లేదు. నేనేం రాసినా ఆ తొమ్మిది తిరిగి రావు.

చెరగని డిస్కుల మీద మూడు కాపీలు పంపుతున్నాను. నాతో మాట్లాడకపోయినా అవి మాత్రం తీసుకో.

అనూరాధ


భావనపాడు,
21 జనవరి 2007

అనూ,

రెండు నెలలు జవాబు రాయలేదు. కోపం వచ్చింది, దాచను. నీ ఉత్తరం చింపబోతే గోవింద్ లాక్కున్నాడు. ఎనిమిది నిమిషాల డాన్సు కోసం నాన్న పోయాడు అని అమ్మ ముందు అరిచాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "పోలేదే, నీ ఎదురుగా కూకున్నాడు. ముందు ఆ ఉన్నదేటో పెట్టు" అంది.

పక్కింట్లో పెట్టాం. వీధంతా వచ్చారు. "అటుగాదురా" అని గొంతు వినపడగానే నాన్న మెడ దగ్గర గుడ్డ మీద చెయ్యి పెట్టుకున్నాడు. అంత సేపూ తీయలేదు. ఆయన మాటలు ఆయనే మొదటిసారి వింటున్నట్టు, నిజమేనన్నట్టు తల ఊపుతూ కూర్చున్నాడు. ఒకచోట తల అడ్డంగా ఊపాడు. లోతు తప్పు చెప్పాడట. వేళ్లతో సరైనది చూపించాడు. అమ్మ మాత్రం రాళ్ల సంగతి పట్టించుకోలేదు. మాటకీ మాటకీ మధ్య ఆయన దగ్గిన దగ్గు వచ్చినప్పుడు మళ్లీ మళ్లీ పెట్టమంది.

అయిపోయాక నాన్న తొమ్మిది వేళ్లు ఎత్తాడు. ఎవరూ చెప్పకుండానే ఏవి పోయాయో ఆయనకి తెలిసిపోయింది. లేచి నిలబడి సముద్రం వైపు చెయ్యి చూపించాడు.

"సస్తావేటి? నీరు పడితే ఊపిరాగిపోద్దన్నారు గదా" అని అమ్మ అడ్డుపడింది. నాన్న గోవింద్ వైపు చూపించాడు. తర్వాత నా వైపు చూపించి, కెమెరా పట్టుకున్నట్టు చేతులు పెట్టాడు. ఈ ఊళ్లో ఆడది వేట పడవ ఎక్కడం ఎవరూ చూడలేదు. పెద్దలు ఏమంటారోనని నేనే వెనకాడాను. చివరికి అమ్మే, "మాట దాని సేతిలోన పోయింది గాబట్టి అదే ఎల్లాలి" అంది. నేను కాదమ్మా పోగొట్టింది అనబోయి మానుకున్నాను. ఆ పూట నీ మీద కోపం పోయింది.

అందుకే సంక్రాంతి ముందు ఏమీ చెప్పకుండా మీ అన్నయ్య ద్వారా కెమెరా అడిగాను. నువ్వూ ఏమీ అడగకుండా ఒక్కసారే రాసే డిస్కులు నాలుగు పెట్టి పంపావు.

సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉన్న రోజు చూసుకుని మొన్న తెల్లారాక బయలుదేరాం. నాన్న మెడకి అమ్మ మూడు మడతల గుడ్డ కట్టి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టింది. అలల దగ్గర గోవింద్ ఆయన్ని చంటిపిల్లాడిలా ఎత్తి పడవలో కూర్చోబెట్టాడు. నేను కళ్లు మూసుకున్నాను. మోటారు మోత కాస్త నెమ్మదించాక వెనక్కి తిరిగి చూశాను.

అనూ, ముప్పై మూడేళ్లు ఆ ఒడ్డున ఉన్నాను, మా ఊరిని ఎప్పుడూ చూడలేదు. మా ఇల్లు అగ్గిపెట్టెంత. బడి కప్పు ఎర్రటి చుక్క. దాని వెనక ఉప్పుమళ్లు తెల్లగా, వాటి వెనక పొలాలు, వాటి వెనక నేనెప్పుడూ సరిగా గమనించని కొండలు ఒకదాని భుజం మీంచి ఇంకొకటి లేస్తూ, అన్నిటికీ పైన మహేంద్రగిరి నీలంగా ఆకాశం అంతా ఆనుకుని ఉంది. పడవ కదిలితే అవన్నీ కదులుతున్నాయి. గోదాం కొండ ముందు నుంచి నడిచిపోతోంది, టవరు గుడి శిఖరాన్ని దాటిపోతోంది. నాన్న అరవయ్యేళ్లుగా చూస్తున్నది ఇది. నాకు ఏడుపొచ్చింది. కెమెరా నడుస్తోంది కాబట్టి కదలకుండా ఏడ్చాను.

నాన్న ముందుకి కూర్చుని రెండు చేతులూ ఎత్తాడు. ఒక చెయ్యి కొండ మీద, ఒక చెయ్యి గోదాం మీద. రెండు చేతులనీ మెల్లగా దగ్గరికి తెచ్చాడు. గోవింద్ పడవని ఆ చేతులతో పాటు జరిపాడు. అరచేతులు రెండూ కలిశాయి. ఇంకో పక్కకి తిరిగి మళ్లీ అలాగే. అవి కలిసిన క్షణాన పిడికిలి బిగించాడు. గోవింద్ మోటారు ఆపాడు. నేను ఆ చేతులనే తీశాను. ఒక్క మాట లేదు. ఇంతకు ముందు గంట మాటల్లో అర్థం కానిది అప్పుడు నాకు అర్థమైంది.

అలా ఎనిమిది రాళ్లు దొరికాయి. మధ్యాహ్నానికి గాలి లేచింది. ఒక అల అంచు ఎగిరి నాన్న భుజం మీద పడింది. గోవింద్ తువ్వాలు అందించి, "సాలు, ఎల్లిపోదాం" అన్నాడు. నాన్న తుడుచుకుని, ఇంకా ఒకటుందని వేలు చూపించాడు. వాడు నా వైపు చూశాడు. నేను పడవ పోనిమ్మన్నాను.

తొమ్మిదో చోట చేతులు కలిశాక నాన్న గోవింద్‌ని ఆపి, సీసపు గుండు కట్టిన తాడు నాకు ఇచ్చాడు. కెమెరా వాడి చేతికి ఇప్పించాడు. నేను తాడు వదిలాను. నా వేళ్ల మధ్య నుంచి అది జారుతూనే ఉంది, జారుతూనే ఉంది. కింద ఏమీ లేదేమో, ఈసారి తప్పాడేమో అనుకున్నాను. నాన్న మాత్రం నీటికేసి చూడటం లేదు. నా మొహంలోకి చూస్తున్నాడు.

తాడు ఆగింది. టక్కున రాయి తగిలిన దెబ్బ పద్నాలుగు బారల లోతు నుంచి నా వేళ్లలోకి వచ్చింది. నేను నోరు తెరిచేశాను. నాన్న నోరు కదిపాడు. గాలి తప్ప ఏమీ రాలేదు, కానీ ఏమన్నాడో నాకూ గోవింద్‌కీ తెలిసింది.

డిస్కులు ఎల్లుండి నేనే తెస్తాను. కాపీలు నా ఎదురుగానే చేద్దువుగాని. నాన్న కూడా వస్తానంటున్నాడు. సింధూరి డాన్సు చూడాలట.

నీ
భారతి